ఫోన్ లేకపోతే ముద్ద దిగట్లేదు, రోజంతా వీణ్ణి ఎలా ఆడించను అక్కా?

ప్రశ్న: అక్కా నమస్తే. మాది హైదరాబాద్ నిజాంపేట, నాలుగో ఫ్లోర్‌లో టూ బీహెచ్‌కే. బాబుకి వచ్చే నెల రెండేళ్ళు నిండుతాయి. నాది వర్క్ ఫ్రం హోమ్, మా ఆయన పొద్దున్న ఎనిమిదింటికి వెళ్తే మళ్ళీ రాత్రికే. అత్తయ్యగారు మాతోనే ఉంటారు, మోకాళ్ళ నొప్పులు, వాడి వెనక పరిగెత్తలేరు. ఫోన్‌లో రైమ్స్ పెడితేనే తింటాడు, తీసేస్తే నేల మీద పడి దొర్లుతాడు. బొమ్మలకి లోటు లేదు గానీ దేంతోనూ రెండు నిమిషాలు ఆడడు. మా మరిది న్యూజెర్సీ నుంచి పుట్టినరోజుకి ట్యాబ్ పంపిస్తానంటున్నాడు, ఎడ్యుకేషనల్ యాప్స్ ఉంటాయి కదా వదినా అంటాడు. అమలాపురంలో ఉన్న మా అమ్మతో రోజూ వీడియో కాల్ చేస్తాం, అది కూడా తప్పేనా? వర్చువల్ ఆటిజం అని రీల్స్ చూసి నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు.

సమాధానం: చెల్లీ, నువ్వు అనే రాసేస్తున్నా, ఏమనుకోకు. నీ లెటర్‌లో ఐదారు ప్రశ్నలున్నాయి గానీ అసలు భయం చివరి లైన్‌లో ఉంది, అందుకే అక్కణ్ణుంచే మొదలెడతా.

ఆ రీల్స్‌లో చెప్పే వర్చువల్ ఆటిజం అధికారికంగా గుర్తించిన జబ్బు కాదు, ఆ మాట సోషల్ మీడియాలో బాగా తిరుగుతోంది. ఫోన్ చూడ్డం వల్ల ఆటిజం వస్తుందని ఎవరూ నిరూపించలేదు. ఎక్కువసేపు స్క్రీన్ ముందు కూచునే పిల్లలకి మాటలు ఆలస్యం కావడం మాత్రం చాలామందిలో చూస్తున్నాం, ఎందుకంటే ఆ గంటలన్నీ వాడితో ఎవరూ మాట్లాడని గంటలే కదా. కాబట్టి రీల్స్ ఆపేసి నీ కొడుకునే చూడు. పేరు పెట్టి పిలిస్తే తిరుగుతున్నాడా, కాకిని చూసి వేలు పెట్టి నీకు చూపిస్తున్నాడా, "అమ్మా పాలు", "తాత రా" లాంటి రెండేసి మాటలు కలుపుతున్నాడా, నువ్వు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే వాడు రిమోట్ తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంటున్నాడా. ఇవన్నీ ఉంటే హాయిగా పడుకో. ఇందులో ఏవైనా లేవనిపిస్తే, లేదా వచ్చిన మాటలు పోయాయనిపిస్తే, "మగపిల్లలకి మాటలు లేటే, వాళ్ళ నాన్నకీ మూడేళ్ళకి వచ్చాయి" అని ఎవరు చెప్పినా వినకుండా పిల్లల డాక్టర్‌కి చూపించు. జిల్లా ఆసుపత్రుల్లో పిల్లల ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన ఆర్‌బీఎస్‌కే పథకం కింద డీఈఐసీ అని పిల్లల ఎదుగుదల చూసే సెంటర్లున్నాయి, అక్కడ డబ్బులు తీసుకోరు. నీకు సిటీలోనే బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో ఎదుగుదలలో వెనకబడ్డ పిల్లల్ని చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ నీపిడ్ ఉంది, పెద్ద దూరం కాదు. అనుమానంతో నెలలు గడపడం కంటే ఒకసారి చూపించుకుని రావడం నయం.

ఇక తిండి. అసలు ముడి ఇక్కడే ఉంది, మిగతావన్నీ దీని తర్వాతే.

పిల్లాడు పుట్టిన మొదటి ఏడాదిలో పుట్టిన బరువుకి మూడు రెట్లు అవుతాడు, మూడు కిలోల వాడు తొమ్మిది కిలోలన్నమాట, అదే రెండో ఏడాది మొత్తం కలిపి పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. పెరగడం తగ్గింది కాబట్టి ఆకలీ తగ్గుతుంది, సరిగ్గా అప్పుడే ఇంట్లో అందరికీ "వీడు తినట్లేదు" అని కంగారు మొదలవుతుంది, సరిగ్గా అప్పుడే ఫోన్ వంటింట్లోకి వస్తుంది. నా క్రెష్‌కి వచ్చే పిల్లల్లో చాలామంది ఇళ్ళల్లో ఇదే వరస. ఫోన్ చూస్తూ తినేవాడు నిజానికి తినడు, నువ్వు నోట్లో పెడతావు, నోరు తెరుచుకుంటుంది, అంతే. ఒక్కోసారి ఆ ముద్ద బుగ్గలోనే ఉండిపోతుంది, ఇంకో ముద్ద పెడితే అది రెండో బుగ్గలోకి వెళ్తుంది, పాట అయిపోయేసరికి రెండు బుగ్గలూ ఉబ్బి, కళ్ళు ఆర్పకుండా చూస్తూ ఉంటాడు. ఆకలేసిందో కడుపు నిండిందో వాడికి తెలియాల్సిన సంగతి తెలియకుండా పోతుంది. పైగా నోటినిండా అన్నంతో గబుక్కున నవ్వినా ఏడ్చినా పొలమారుతుంది, అది ఇంకో ప్రమాదం.

మానిపించడం ఎలా అంటే, మీ ఆయన ఇంట్లో ఉండే శనివారం పొద్దున్న మొదలెట్టు. నువ్వొక్కదానివే మొదలెట్టకు, ఎందుకంటే మధ్యాహ్నానికి ఎవరో ఒకరు "పాపం బిడ్డ ఆకలితో ఉన్నాడే" అని ఫోన్ ఆన్ చేస్తారు, ఒక్కసారి ఆన్ అయితే గట్టిగా ఏడిస్తే వస్తుందని వాడికి అర్థమైపోతుంది. కాబట్టి శుక్రవారం రాత్రే అత్తయ్యగారిని కూచోబెట్టి చెప్పు. ఆర్డర్ వేసినట్టు కాదు, "అత్తయ్యా, మీరు సాయం చేస్తే గానీ ఇది అవ్వదు" అని చెప్పు, నిజం కూడా అదే కదా.

పాలు ఎన్ని తాగుతున్నాడో చూసుకో. రోజుకి అర లీటరు దాటితే అన్నానికి చోటుండదు, ఐరన్ కూడా తగ్గిపోతుంది. రాత్రి సీసా పాలు, పొద్దున్న సీసా పాలు, మధ్యలో బిస్కెట్లు, ఆ పైన అన్నం తినలేదని ఏడుపు, ఇది చాలా ఇళ్ళల్లో ఉన్నదే. తిండికీ తిండికీ మధ్య రెండున్నర, మూడు గంటలు నీళ్ళు తప్ప ఏమీ వద్దు. తినే టైముకి కింద పాత దుప్పటి పరిచి అందరూ వాడితో పాటు కూచోండి, అందరి ఫోన్లూ పక్క గదిలో పెట్టేసి, నీది కూడా. వాడికో చిన్న స్టీలు పళ్ళెం, అందులో నాలుగు చిన్న పప్పన్నం ముద్దలు, పక్కన ఓ ఇడ్లీ ముక్కో ఉడికించిన చిలగడదుంప ముక్కో పెట్టి వదిలెయ్. మీద పోసుకుంటాడు, పోసుకోనీ. తలకి రాసుకుంటాడు, రాసుకోనీ, ఎలాగూ స్నానం చేయించాలిగా. ఇరవై, ముప్పై నిమిషాలు చూసి, తిన్నా తినకపోయినా "అయిపోయింది, చెయ్యి కడుక్కుందాం" అని పళ్ళెం తీసెయ్. వెంటపడి పెట్టొద్దు, బెదిరించొద్దు, తింటే ఫోన్ ఇస్తానని అస్సలు అనొద్దు. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అనేది నీ చేతిలో పని, ఎంత తినాలనేది వాడిష్టం.

మొదటి రెండు మూడు రోజులు ఇల్లు పీకి పందిరేస్తాడు, అది చెప్పే మొదలెట్టిస్తున్నా. నేల మీద దొర్లితే తల తగలకుండా పక్కన కూచో, "ఫోన్ కావాలని కోపం వచ్చింది కదా" అని ఒక మాట అను, ఇంక లెక్చర్లు ఇవ్వకు. ఓ పూట సరిగ్గా తినకపోతే ఆరోగ్యంగా ఉన్న పిల్లాడికి ఏం కాదు. నీళ్ళు తాగుతున్నాడా, ఒంటికి పోస్తున్నాడా, హుషారుగా ఉన్నాడా, అవి చూసుకో. బరువు చార్ట్‌లో గీత కిందికి వస్తున్నా, ఏం మింగినా కక్కేస్తున్నా, నాలుగు రకాలకి మించి ఏదీ ముట్టకపోయినా అది ఫోన్ వ్యవహారం కాదు, డాక్టర్ దగ్గరికెళ్ళు.

ఇప్పుడు ఆటల సంగతి. రోజంతా ఆడించాలనుకుంటున్నావు చూడు, అది ఎవరివల్లా కాదు, క్రెష్ నడిపే నా వల్లే కాదు. రెండేళ్ళ వాడికి కావాల్సింది ప్రోగ్రాం కాదు, నువ్వు చేసే పనిలో వాడికో వాటా. ఇంట్లో అన్ని బొమ్మలుండగా వాడు పోపుల డబ్బా కోసం ఎందుకు ఏడుస్తాడో ఆలోచించావా? అమ్మ ముట్టుకునే వస్తువు కాబట్టి. బొమ్మని అమ్మ ముట్టుకోదు, వాడికి ఇచ్చేసి వెళ్ళిపోతుంది.

బొమ్మలు ఎక్కువున్నా కష్టమే. అమెరికాలో టొలెడో యూనివర్సిటీ వాళ్ళు 2018లో ఇది చూశారు, పిల్లల ముందు నాలుగు బొమ్మలు పెట్టినప్పుడు ఒక్కోదానితో ఎక్కువసేపు, రకరకాలుగా ఆడారు, పదహారు పెడితే ఒకటి వదిలి ఇంకోటి పట్టుకుంటూ తిరిగారు. కాబట్టి ఈ రాత్రికే నాలుగైదు ఉంచి మిగతావి సంచిలో కట్టి సజ్జ మీద పడెయ్, పది రోజులకోసారి మార్చు, కొత్తవి కొన్నట్టే ఉంటుంది వాడికి. బటన్ నొక్కితే పాడే బొమ్మల్ని ముందు పైకెక్కించు, వాటిల్లో ఆట అంతా బొమ్మే ఆడేస్తుంది, పిల్లాడు నొక్కడం తప్ప చేసేదేం లేదు.

వంటింట్లో కింది అర ఒకటి వాడికి రాసిచ్చెయ్. స్టీలు డబ్బాలు, వాటి మూతలు, గరిటె, జల్లెడ, కొబ్బరి చిప్ప, ప్లాస్టిక్ చేట. ఏ మూత ఏ డబ్బాకి పడుతుందో చూసుకోవడమే వాడికి పజిల్, షాపులో కొనే పజిల్ కంటే గట్టిది, చప్పుడు కూడా వస్తుంది, అది బోనస్. నువ్వు కూరగాయలు సర్దేటప్పుడు ఉల్లిపాయలు ఈ బుట్టలో, బంగాళాదుంపలు ఆ బుట్టలో వెయ్యమను. కొత్తిమీర ఆకు తుంచమను, సగం కింద పడుతుంది, పడనీ. చపాతీ పిండిలో నిమ్మకాయంత ఇచ్చి పక్కన కూచోబెట్టు, బజార్లో దొరికే క్లే కంటే ఇదే మేలు, పచ్చిపిండి నోట్లో పెట్టుకోకుండా చూసుకుంటే చాలు. వాషింగ్ మెషీన్‌లోంచి బట్టలు తీసి బకెట్లో వెయ్యడం, ఆరేసేటప్పుడు క్లిప్పులు అందించడం, మడతపెట్టేటప్పుడు సాక్సు జతలు వెతకడం ఇవన్నీ వాడి ఉద్యోగాలు. నీ పని రెండింతలు టైం పడుతుంది, నిజమే, కానీ ఆ టైం నువ్వు ఎలాగూ వాణ్ణి ఊరుకోబెట్టడానికే పెడుతున్నావుగా.

నీళ్ళాట గురించి కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే దీన్ని మించింది నేను చూళ్ళేదు. మా క్రెష్‌లో ఒక పాప ఉండేది, వచ్చినప్పుడు రెండు నిమిషాలు ఒకచోట నిలబడేది కాదు, మీవాడిలాగే. వెడల్పు బేసిన్‌లో నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు పోసి రెండు స్టీలు గ్లాసులు, ఒక టీ వడకట్టే జాలీ ఇచ్చి పక్కన కూచున్నాం. ఈ గ్లాసులోంచి ఆ గ్లాసులోకి పోసింది, సగం బయట పడ్డాయి, ఒంపి చూసింది, గ్లాసు కొంచెం దగ్గరికి జరిపి మళ్ళీ పోసింది. తర్వాత జాలీలో పోసింది, నీళ్ళు కిందికి కారిపోయాయి, జాలీ తిరగేసి కింద చూసింది, మళ్ళీ పోసింది, ఈసారి కింద చెయ్యి పెట్టింది. నాలిక బయటపెట్టి, భుజాలు బిగబట్టి, అసలు మా వంక చూడనే లేదు. ఎవరూ నేర్పలేదు, ఎవరూ వెరీగుడ్ అనలేదు, మేం నోరు మూసుకుని కూచున్నాం. మనం చేయాల్సింది కూడా అదే, వాడు మునిగిపోయి ఆడుతున్నప్పుడు "ఇదేం కలర్ చెప్పు నాన్నా" అని మధ్యలో దూరకపోవడం. ఎండాకాలం బాత్రూంలోనో బాల్కనీలోనో పెట్టుకో. కానీ నీళ్ళున్నంతసేపూ ఒక పెద్దమనిషి చెయ్యి చాపితే అందేంత దగ్గర ఉండాలి, ఆట అయ్యాక బేసిన్ బోర్లించెయ్యాలి, బాత్రూంలో నిండు బకెట్ వదలకూడదు. ఈ వయసు పిల్లలు తల్లకిందులుగా పడితే బకెట్టే చాలు ప్రాణం పోవడానికి.

జాగ్రత్తల మాట వచ్చింది కాబట్టి మిగతావీ చెప్పేస్తా. నాలుగో ఫ్లోర్ అన్నావు, బాల్కనీలో స్టూలు, కుర్చీ, పెద్ద కుండీ, ఎక్కడానికి వీలయ్యేది ఏదీ గోడ పక్కన ఉంచకు. పల్లీలు, శనగలు, చింతగింజలు, గోలీలు, చిల్లర నాణేలు ఆటకీ వద్దు, పల్లీలు తినడానికీ వద్దు, పొడి చేసి పెట్టు. అన్నిటికంటే మోసం బిళ్ళ బ్యాటరీలు, చిన్న రిమోట్లలో, పాడే బొమ్మల్లో, మెరిసే చెప్పుల్లో ఉంటాయి చూడు, మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవడం మొదలవుతుంది. మింగాడని అనుమానం వస్తే చాలు, కక్కించడాలు, అరటిపండు పెట్టి చూడటాలు వద్దు, నేరుగా ఎక్స్‌రే ఉన్న హాస్పిటల్‌కి పరిగెత్తు.

ఒంటికి అలసట కూడా కావాలి. 2019లో డబ్ల్యూహెచ్‌ఓ ఐదేళ్ళలోపు పిల్లల కోసం గైడ్‌లైన్స్ ఇచ్చింది, ఏడాది దాటిన పిల్లలు రోజు మొత్తం మీద 180 నిమిషాలు ఏదో ఒక రకంగా కదులుతూ ఉండాలని ఉంది అందులో. మూడు గంటలు అనగానే గుండె ఆగినట్టుంటుంది గానీ ఇది ఒక్కసారిగా కాదు, నడక, గెంతడం, మెట్లెక్కడం అన్నీ కలిపి. నిజాంపేటలో మీ చుట్టూ ఎక్కడో ఓ చోట అపార్ట్‌మెంట్ కడుతూనే ఉంటారు, సాయంత్రం ఎత్తుకెళ్ళి దూరంగా నిలబడి జేసీబీ చూపించు, అరగంట గడిచినట్టు కూడా తెలీదు. పొద్దున్నే చెత్త ఆటో వచ్చే టైంకి కిందికి తీసుకెళ్ళు, ఆ డ్రైవర్‌కి చెయ్యి ఊపడం మీవాడికి రోజులో పెద్ద ప్రోగ్రాం అయిపోతుంది, చూస్తూ ఉండు. వాన పడితే ఇంట్లోనే పరుపు కింద వేసి దూకమను, బట్టల బుట్టలో రెండు కందిపప్పు ప్యాకెట్లు పెట్టి హాల్ నుంచి వంటింటికి తోసుకురమ్మను. బరువు తోసిన పిల్లాడు ఆ తర్వాత కుదురుగా కూచుంటాడు, నమ్ము.

మీటింగ్ ముందు ఇలా చెయ్. పదిహేను నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి పూర్తిగా వాడితోనే ఉండు, గుర్రం ఎక్కించుకో, దుప్పటి కింద దాక్కో, తర్వాత అత్తయ్యగారికి అప్పజెప్పి లోపలికెళ్ళు. అంతసేపు అమ్మ కోసం కాచుకుని కూచున్నవాడు తలుపు బాదుతాడు, అమ్మ దొరికినవాడు కొంచెంసేపు వదులుతాడు. ఎప్పుడూ పని చేస్తుందని చెప్పను గానీ, చాలాసార్లు చేస్తుంది.

అత్తయ్యగారు పరిగెత్తలేరని బాధపడకు, పరిగెత్తాల్సింది వాడు. ఆవిడ మంచం మీద కూచుని "ఎర్ర క్లిప్పు పట్రా", "తాత చెప్పు పట్రా", "నా కళ్ళజోడు ఎక్కడ దాచావురా దొంగ" అంటూ ఉంటే వాడే తిరుగుతాడు, మాటలు అలాగే వస్తాయి. అరచేతిలో పప్పు రుబ్బి, అమ్మకో ముద్ద నాన్నకో ముద్ద అని వేళ్ళు మడిచి, చంకదాకా వేళ్ళతో నడిచి చక్కిలిగింతలు పెట్టే ఆట ఆవిడకి రాకపోతే చూడు. ఆ ఆటలో లెక్క, వరస, తర్వాత ఏం వస్తుందో ఎదురుచూడటం అన్నీ ఉన్నాయి. చిక్కుడుకాయలు తుంచేటప్పుడు, పూలు కట్టేటప్పుడు పక్కన కూచోబెట్టుకోమను. ఒక్క సంగతి మాత్రం నెమ్మదిగా మాట్లాడుకోవాలి, మధ్యాహ్నం నుంచి ఎవరూ చూడకపోయినా టీవీ మోగుతూ ఉంటే, వాడు దాన్ని చూడకపోయినా ఆట మాటిమాటికీ తెగిపోతుంది, మీరు వాడితో మాట్లాడే మాటలూ తగ్గిపోతాయి. సీరియల్ ఆవిడ హక్కు, కాదనను, వాడు పడుకున్న టైంలో చూసుకుంటే అందరికీ ప్రశాంతం. ఇంకా ఐడియాలు కావాలంటే 2024లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ నవచేతన అని మూడేళ్ళలోపు పిల్లల కోసం ఒకటి తెచ్చింది, నెలనెలా ఏం ఆడించాలో 140 ఆటలున్నాయి, అన్నీ ఇంట్లో దొరికే వస్తువులతోనే. మీ అంగన్‌వాడీ టీచర్‌ని అడిగి చూడు.

సరే, ఫోన్ దగ్గరికొద్దాం. ఫోన్‌ని పాములా చూడక్కర్లేదు. డబ్ల్యూహెచ్‌ఓ గానీ మన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ గానీ చెప్పేది దాదాపు ఒకటే, రెండేళ్ళలోపు స్క్రీన్ వద్దు, రెండు నిండాక రోజుకి గంట దాటొద్దు, అది కూడా ఎంత తక్కువైతే అంత మంచిది. వీడియో కాల్స్‌కి మాత్రం డాక్టర్లు మినహాయింపు ఇస్తారు, కాబట్టి మీ అమ్మగారి కాల్ తప్పు కాదు సరికదా, మీ ఇంట్లో ఫోన్‌తో జరిగే మంచి పని అదొక్కటే. ఈ వయసు పిల్లలు మనిషి ఎదురుగా చేసి చూపిస్తే నేర్చుకున్నంత బాగా స్క్రీన్ మీద చూసి నేర్చుకోలేరు, పాటలో బొమ్మ వీడు నవ్వితే తిరిగి నవ్వదు, అమ్మమ్మ నవ్వుతుంది. ఆ కాల్ కాస్త బాగా వాడుకో. మొహాలు చూసుకుని "హాయ్ చెప్పు, ముద్దు పెట్టు" అనేది రెండు నిమిషాల్లో అయిపోతుంది, బదులుగా అమ్మమ్మని కొంగు మొహం మీద కప్పుకుని దాగుడుమూతలు ఆడమను, పెరట్లో కొబ్బరిచెట్టు, ఆవుదూడ చూపించమను, అక్కడ ఆవిడ అరటిపండు ఒలిస్తే ఇక్కడ వీడూ ఒలవాలి. అన్నం టైంలో మాత్రం వద్దు, అది మళ్ళీ మొదటికొస్తుంది.

రెండు నిండాక వీడియో పెట్టాల్సి వస్తే, మీటింగ్ రోజు ఇరవై నిమిషాలు అనుకో, ఫోన్ చేతికివ్వకు, టీవీలో పెట్టు. టీవీ దూరంగా ఉంటుంది, వేలితో తోసి మార్చలేడు, పక్కన నానమ్మ కూచుని "అదిగో కుక్కపిల్ల ఎక్కడికెళ్తోంది" అనగలదు. ముందు ఆటోప్లే ఆపెయ్, పిల్లల్ని కట్టిపడేసేది సగం అదే, ఒకటి అయ్యేలోపే ఇంకోటి మొదలైతే పెద్దవాళ్ళమే లేవలేం. యూట్యూబ్ కిడ్స్‌లో పేరెంట్ సెట్టింగ్స్‌కి వెళ్తే నువ్వు ఓకే చేసిన వీడియోలు మాత్రమే కనపడేలా పెట్టుకోవచ్చు, టైమర్ కూడా ఉంది, టైం అవ్వగానే యాప్ లాక్ అవుతుంది. తిట్టుకుంటే యాప్‌ని తిట్టుకుంటాడు, నిన్ను కాదు. ఎప్పుడైనా రైల్లోనో హాస్పిటల్లోనో ఫోన్ ఇవ్వక తప్పకపోతే ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్, ఐఫోన్‌లో గైడెడ్ యాక్సెస్ ఆన్ చేసుకో, వేరే యాప్‌లోకి వెళ్ళలేడు, మీ బాస్‌కి వీడియో కాల్ కొట్టలేడు. ఏది చూడనిచ్చినా మెల్లగా నడిచేది, మన భాషలోనిది చూసుకో, సెకనుకో సీన్ మారే రంగురంగుల వీడియోలు వద్దు. ఆపే ముందు "ఈ పాట అయ్యాక బై చెప్దాం" అని చెప్పి, బై చెప్పి బటన్ వాడితోనే నొక్కించు.

స్క్రీన్ చూడకుండా ఫోన్‌తో ఆడే ఆటలు బోలెడున్నాయి, వాటి గురించి ఎవరూ చెప్పరెందుకో. లైట్లార్పి ఫోన్ టార్చ్ గోడ మీద వేసి చేతులతో కుక్క, కొంగ, కుందేలు నీడలు చూపించు, రెండో రోజుకి వాడే చెయ్యి అడ్డం పెడతాడు. తాతయ్యనీ అమ్మమ్మనీ చిన్న చిన్న కథలు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ చెయ్యమను, బ్లూటూత్ స్పీకర్‌లో పెట్టు, వాడి పేరుతో మొదలయ్యే కథ ఎన్నిసార్లైనా వింటాడు. వాడు "బౌబౌ" అనేది రికార్డ్ చేసి వాడికే వినిపించు, మొహం చూడు ఎలా పెడతాడో. రాత్రి పడుకునే ముందు కాదు గానీ సాయంత్రం ఓ ఐదు నిమిషాలు గ్యాలరీలో ఫొటోలు నువ్వే పట్టుకుని చూపిస్తూ "ఇదెవరు, ఇక్కడ ఏం తిన్నాం" అని అడుగు. పడుకునే ముందు గంటసేపు మాత్రం ఏ స్క్రీనూ వద్దు, ఏడాది దాటి రెండేళ్ళలోపు ఉన్నవాళ్ళకి పగలూ రాత్రీ కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి, వెలుతురు కళ్ళల్లో పడితే అది ఎగిరిపోతుంది.

నువ్వు కూడా, చెల్లీ. నువ్వు రోజంతా వాడి ముందు ఆ నల్ల పలక పట్టుకునే కూచుంటే వాడు అదే కావాలంటాడు. ఆఫీసు పని అని వాడికి తెలీదు కదా. పని చేసేటప్పుడు గదిలో చెయ్, బయటికొచ్చినప్పుడు ఫోన్ ఫ్రిజ్ మీద పెట్టు, ఇంతకంటే నిన్ను సతాయించను, నీకున్న చాకిరీ నాకు తెలుసు.

ట్యాబ్ ఒక్కటి మిగిలింది. మీ మరిదికి మంచి మనసే, కాదనడం మొహమాటంగా ఉంటుంది, కానీ ఎడ్యుకేషనల్ అని రాసినంత మాత్రాన రెండేళ్ళ వాడికి అది బడి అయిపోదు. తెర మీద యాపిల్ బొమ్మ నొక్కితే "ఏ ఫర్ యాపిల్" అంటుంది, అంతే, యాపిల్ జారదు, వాసన రాదు, కొరికితే చప్పుడు రాదు. పంపించేసినా ఓ రెండేళ్ళు బీరువాలో పెట్టు, వాడికి చూపించకు. ఇంకా పంపలేదంటే అంత ఖర్చు వద్దని చెప్పి ఏటికొప్పాక బొమ్మలు కొనమను, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, అంకుడు కర్రతో చేసి చెట్లూ గింజల నుంచి తీసిన రంగులు కలిపిన లక్క వేస్తారు, ఇది ఆ ఊరి ప్రత్యేకతే అని గుర్తించే జీఐ ట్యాగ్ కూడా 2017లో వచ్చింది, లాగే బండి, తిరిగే బొంగరం లాంటివి, విడిపోయే చిన్న ముక్కలు లేనివి చూసి తీసుకోండి. అది కాదు పెద్దదే ఇవ్వాలి అంటే మూడు చక్రాల సైకిల్ కొనమను, బెల్ ఉన్నది. కింద ఫ్లోర్ వాళ్ళు వచ్చి గొడవపడితే మాత్రం నా పేరు చెప్పకు.